ఇరవై నిమిషాల ఆకాశాలు

తప్పు నాదే. చదవకుండా సంతకం పెట్టాను.

ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవాడికి ఇందులో వింతేముందని మీరనవచ్చు. నిజమే. కాకపోతే ఆఫీసులో నేను చదవకుండా పెట్టిన సంతకాల ఫలితం ఎవరెవరో అనుభవించేవారు. ఈ ఒక్కటీ నేనే అనుభవించాను.

రిటైరయ్యాక నేనూ మా ఆవిడా కాకినాడ నుంచి వచ్చి చందానగర్‌లో కొడుకు, కోడలి దగ్గర స్థిరపడ్డాం. వాళ్లిద్దరికీ హైటెక్ సిటీలో ఉద్యోగాలు. పగలంతా ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగే నన్ను చూడలేక కోడలు నా పుట్టినరోజుకి నీటిరంగుల పెట్టె కొనిచ్చింది. అలా అరవై రెండో ఏట నా రంగప్రవేశం జరిగింది. నా మొదటి మామిడిపండు చూసి మా ఆవిడ, "వంకాయ బాగా కుదిరిందండీ" అంది. అది మామిడిపండని ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత ఆశ పెరిగింది. ఏదైనా ఊరు వెళ్లి, కొండకో గుడికో ఎదురుగా కూర్చుని, చూస్తూ ఒక బొమ్మ వేయాలి. ఫోటో చూసి కాదు. మొదటినుంచి చివరిదాకా అక్కడే. ఒక్కటంటే ఒక్కటి.

ఆ మాట విన్న కోడలు రామప్ప, లక్నవరం, వరంగల్ కోట మూడు రోజుల్లో చూసొచ్చేలా ప్రయాణం వేసింది. ఆ అమ్మాయి ఆఫీసులో ప్రాజెక్టు ఎలా నడుపుతుందో ఇంట్లో ప్రయాణమూ అలాగే నడుపుతుంది. ఎక్సెల్ షీటు తయారుచేసి, నాకోసం ప్రత్యేకంగా ప్రింటు తీసి, పేపరు చదువుకుంటుంటే తెచ్చి చేతిలో పెట్టింది.

"ఒకసారి చూసి ఓకే చెయ్యండి మామయ్యగారూ. మార్పులుంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత కష్టం."

నాలుగు పేజీలు, చీమల బారుల్లాంటి అక్షరాలు. నా చెయ్యి నన్నడగకుండానే జేబులో కలం దగ్గరికి వెళ్లింది. ప్రతి పేజీ కిందా పొట్టి సంతకం, చివరి పేజీలో 'చూశాను' అన్న ముక్క. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది. కొరియర్ అబ్బాయి తప్ప నా సంతకం ఎవరూ అడిగి చాలా కాలమైంది మరి.

రామప్ప గుడి ముందు పచ్చికలో కూర్చుని, కాగితం తడిపి, ఆకాశం పరిచాను. నీటిరంగులకు తొందర గిట్టదు. ఆకాశం పూర్తిగా ఆరితేగానీ దానిమీద గోపురం నిలబడదు. నాది ఇంకా ఆరుతూ ఉండగానే కోడలి ఫోను మోగింది.

"టైమ్ అయిపోయింది మామయ్యగారూ, లేవండి."

"ఇప్పుడే కదమ్మా మొదలెట్టాను!"

"మీ పెయింటింగ్‌కి ఇరవై నిమిషాలండీ. రెండో పేజీ, తొమ్మిదో లైను. ఇదిగో."

చూశాను. ఈసారి నిజంగానే చూశాను. పేజీ కింద నా సంతకం నన్నే చూసి నవ్వుతోంది.

"నువ్వే అప్రూవ్ చేశావు కదా నాన్నా!" అన్నాడు మావాడు కారు తాళాలు ఊపుతూ.

"ఏమండీ, ఆఫీసులోనూ ఇలాగే చేసేవారా? పాపం ఆ జనం!" అంది మా ఆవిడ.

లక్నవరం చెరువు గట్టున ఇంకో ఆకాశం. వరంగల్ కోటలో మరొకటి. మూడు రోజుల్లో ఐదు ఆకాశాలు వేశాను. కింద ఒక చెట్టు లేదు, చేమ లేదు.

తిరిగొచ్చాక మా అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ సంచులు దింపుతూ నా బొమ్మల పుస్తకం చూస్తానన్నాడు. అతనిది నాగర్‌కర్నూల్ వైపు. పేజీలన్నీ ఓపిగ్గా తిప్పాడు.

"గిదేంది సార్, అన్నీ మబ్బులే ఉన్నయి గద? గుడేది? చెరువేది?"

"టైము చాల్లేదయ్యా."

"ఏం ఫికర్ జేయకుండ్రి సార్. గిన్ని మబ్బులు కమ్మినంక వాన పడకపోతదా?"

నా బొమ్మల మీద వచ్చిన మొదటి సమీక్ష అదే. దాన్ని దీవెనగా తీసుకున్నాను.

వాన నిజంగానే పడింది. వానాకాలంలో కొడుకూ కోడలూ ఆఫీసు పనిలో పీకల్లోతు మునిగి, అన్నం పళ్లెం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని తింటున్న రోజుల్లో మావాడే అన్నాడు: "నాన్నా, ఒక్కరోజు అనంతగిరి వెళ్లొద్దాం. ఈసారి ప్లాన్ నువ్వు చెయ్యి, మాకు తీరిక లేదు."

మొహంలో ఏమీ కనపడనీయకుండా సరేనన్నాను.

రెండ్రోజులు కూర్చుని, ఆఫీసు భాషలో, విషయం, సూచిక వగైరాలతో మూడు పేజీల నోటు రాశాను. టిఫిను ఎక్కడ, పులిహోర ఎవరు మోయాలి, గొడుగులు ఎన్ని, అన్నీ పేరాల వారీగా. నాక్కావలసింది మాత్రం ఏడో పేరాలో పెట్టాను. నాలుగో పేరా దాటి చదివిన అధికారిని నా సర్వీసులో చూడలేదు. ఫోటోలు తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. మూడో పేజీ వెళ్లీ వెళ్లకముందే కోడలి బొటనవేలి బొమ్మ వచ్చేసింది. దాని వెనకే మావాడిది.

"మీ రాత నాకర్థం కాదు గానీ, పులిహోర చేస్తే చాలుగా?" అంది మా ఆవిడ.

అనంతగిరిలో లోయ అంచున చెట్ల కింద చాప పరిచాక, నోటు తీసి ఏడో పేరా చదివాను.

"కుటుంబ సభ్యులందరూ ఫోన్లు సంచిలో ఉంచి, చిత్రకారునికి ఎదురుగా, చిత్రం పూర్తి అగువరకు చాప విడువక కూర్చొనవలెను."

"ఇదెప్పుడు రాశారు మామయ్యగారూ?" కోడలు ఉలిక్కిపడింది.

"రెండో పేజీలోనేనమ్మా. బొటనవేలు కూడా వేశావు. మా రోజుల్లో వేలిముద్రకి తిరుగుండేది కాదు."

కూర్చున్నారు. కోడలు జుట్టు సవరించుకుంది. మావాడు పొట్ట లోపలికి లాక్కున్నాడు. మొదట కాసేపు "అయిందా? అయిందా?" అన్నారు. తర్వాత అడగడం మానేశారు. పెళ్లయిన కొత్తలో సామర్లకోటలో నేను టీకి దిగితే రైలు వెళ్లిపోయిన సంగతి మా ఆవిడ మొదలెట్టింది. కోడలు కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వింది. నా పరువు అలా లోయలోకి జారుతుండగా నా ఆకాశం నింపాదిగా, పూర్తిగా ఆరింది. దాని కిందికి కొండ వచ్చింది. కొండ మీదికి పొగమంచూ, తడిసిన చెట్లూ వచ్చాయి. ఒక మాను కాస్త వంకరపోయింది. పొగమంచులో అది కలిసిపోయింది.

రెండున్నర గంటలయ్యాక మూలన పొట్టి సంతకం పెట్టాను. అంతా చూశాకే పెట్టాను.

"అయింది" అన్నాను.

ముగ్గురూ ఒక్కసారే లేచొచ్చారు. కొండలున్నాయి. చెట్లున్నాయి. చాప ఉంది. చాప పక్కన మూడు జతల చెప్పులున్నాయి, అందులో కోడలిది ఒకటి బోర్లా పడి ఉంది.

"మేమేరీ మామయ్యగారూ?"

"నాన్నా! ఇంతసేపూ పొట్ట బిగబట్టుకుని కూర్చున్నాను!"

నేను తొందరపడలేదు. కుంచె కడిగి, తుడిచి, పెట్టెలో పెట్టాను. అప్పుడు పేజీ తిప్పి, గొంతు సవరించుకుని, ఎనిమిదో పేరా చదివి వినిపించాను.

"చిత్రములో ఎవరెవరు ఉండవలెనన్నది చిత్రకారుని విచక్షణకు వదిలివేయడమైనది."