పసుపు సంచిలో గౌను

లారీ తోలే మా ఆయన కేరళ నుంచి జ్వరంతో వచ్చాడు గానీ, ఇంటికి రాలేదు. "ఒళ్ళు కాలిపోతోందే, క్లీనరు నన్ను నరసరావుపేట ఆసుపత్రి దగ్గర దించుతున్నాడు" అని ఫోన్ చేశాడు. నేను ఆటోలో చేరేసరికే ఆయన్ని పక్క తలుపులోంచి విడిగా ఉన్న గదిలోకి తీసుకుపోయారు. ఎక్కడి నుంచి వచ్చావని గేటు దగ్గరే అడిగారట. కేరళ అనగానే మాస్కు పెట్టి, ఎవరికీ తగలకుండా అటు నడిపించారట. అక్కడ గబ్బిలాల జ్వరం వచ్చిందనీ, సోకితే మనిషి దక్కడం కష్టమనీ టీవీలో ఒకటే చెబుతున్నారు.

గది ముందు నేల మీద ఎర్ర టేపు. "నువ్వింకా ఆయన్ని ముట్టుకోలేదుగా? అయితే టేపు ఇవతలే ఉండు" అంది నర్సమ్మ, నాకూ ఒక మాస్కు ఇచ్చి.

మా నాన్నది చిలకలూరిపేటలో బట్టల కొట్టు. చెప్పిన ధరకి ఏదీ కొనే వంశం కాదు మాది. బేరం మొదలెట్టా.

"పది నిమిషాలు చూసొస్తా."

"కుదరదమ్మా."

"పోనీ ఐదు. గడప దగ్గర్నుంచే."

"ఏందమ్మా, ఇదేమన్నా చీరల కొట్టా?"

లోపల్నుంచి దగ్గు వినపడింది. ఆయన దగ్గు నాకు తెలుసు. ఇది అట్టా లేదు.

"ఒక్క చూపు, సిస్టర్" అన్నా. అంత కిందికి నేనెప్పుడూ దిగలేదు.

కాసేపటికి ఇంకో నర్సు గడపలోకొచ్చి, తొడుక్కున్న గౌను విప్పి, లోపలివైపు పైకొచ్చేలా చుట్టి పసుపు సంచిలో వేసింది. నీలం అంచొకటి బయటికి వేలాడింది. ఇంత పల్చటి గుడ్డ ఆ జబ్బుని ఆపుతుందా అని నేను భయపడుతుంటే, వేళ్ళు మాత్రం పుట్టింటి పని చేశాయి. టేపు దాటి, అంచు పట్టుకుని నలిపి చూశా.

"ఒసేయ్!" అని కేకేసింది నర్సమ్మ. మర్యాద మర్చిపోయింది పాపం.

మోచేతుల దాకా సబ్బుతో కడిగించారు. ఆయన రక్తం రిపోర్టు వచ్చేదాకా ఇంటికి పోయేది లేదని పక్క గదిలో కూర్చోబెట్టారు. రెండు గదుల మధ్య అద్దం. అడిగిన చూపు దొరికింది, ఈ ధరకి.

అద్దం అవతల్నుంచి ఆయన ఫోన్ చేశాడు. "నువ్వెందుకొచ్చావే లోపలికి?"

జరిగింది చెప్పా.

"ఎట్టా ఉంది మరి గుడ్డ?"

"నేత కాదు. మా కొట్టులో అయితే చెయ్యి తుడుచుకోడానిక్కూడా ఉంచరు."

నవ్వబోయి దగ్గాడు. చానాసేపు దగ్గాడు.

మర్నాడు సాయంత్రం రిపోర్టు వచ్చింది. ఆ జబ్బు కాదు, మందులతో తగ్గే జ్వరమే. "ఇంక పోయి ముట్టుకో తల్లీ" అంది నర్సమ్మ. మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నా. వెళ్ళి ఆయన నుదుటి మీద చెయ్యి వేశా.

"ఎడం చెయ్యేందే?" అన్నాడు.

గుడ్డ నలిపిన వేళ్ళని నేనింకా పిడికిట్లోనే దాచుకున్నా.