సమ్మమ్మ ముచ్చట

మా కాశిబుగ్గలో సమ్మమ్మ ఎదురైతే ఇక పని అయినట్టే. "ఎటు పోతానవ్? ఆ సంచిల ఏంది? మీ అత్త మోకాలు నొప్పి తక్కువైందా?" అని ఆరా తీయనిదే వదలదు. జవాబివ్వకపోతే నొచ్చుకోదు, ఇంకో ప్రశ్న వేస్తుంది. నాకైతే ఎన్నోసార్లు ఒళ్లు మండింది.

ఆమె మగడు మొండయ్య నోట్లో నాలుక ఉందో లేదో అనిపించే మనిషి. ఇద్దరూ వెంకట్రాజం మగ్గం మీద జంపఖానాలు నేసేవారు. వెడల్పాటి జంపఖానాకు ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి, ఒకరు పంపిన పోగు మరొకరు అందుకోవాలి. డెబ్బై నాలుగులో ఓ పెళ్లివారి జంపఖానా నేస్తూ సమ్మమ్మ ఎవరిదో బర్రె ఈనిన ముచ్చట ఎత్తుకుంది. ఎరుపు చార ఆపి నీలం పట్టాల్సిన చోట ఎరుపే సాగింది. బర్రె ఈని, దూడ లేచి నిలబడేసరికి చార జానెడైంది. మొండయ్య మొదట్లోనే చూశాడట. మరి చెప్పలేదేం అంటే, "ముచ్చట అయినంక చెప్దామనుకున్న" అన్నాడు.

"మొండయ్యా, నువ్వుండు. సమ్మమ్మా, నీ నోరొకదిక్కు, చెయ్యొకదిక్కు. మళ్ల నా మగ్గం కాడికి రాకు" అన్నాడు వెంకట్రాజం.

ఇంకెవరూ ఆమెను జోడుగా కూర్చోబెట్టుకోలేదు. బీడీలు చుట్టే చోటా పక్కవాళ్ల లెక్క తప్పిస్తోందని పంపేశారు. "నన్ను దేవుడు దేనికి చేసిండక్కా?" అని మా అరుగు మీద ఏడ్చింది. ఆ రోజు మాత్రం నాకు పాపం అనిపించింది.

కొన్నేళ్లకు మా వాడ చివర నర్సు లిదియా చిన్న దవాఖాన పెట్టింది. పనిలో గట్టి మనిషే, కానీ మహా మొహమాటం. రోగుల కోసం ఇళ్లకు వెళ్లినప్పుడు గుమ్మంలో ఎవరైనా "మంచిగున్నం" అంటే చాలు, వెనక్కి తిరిగేది. సమ్మమ్మ దగ్గు మందుకని వెళ్లి, తన వంతు వచ్చేలోపే అక్కడ కూర్చున్నవాళ్ల రోగాలన్నీ తెలుసుకొని లిదియాకు అప్పజెప్పింది. లిదియా నవ్వి, "నాతోని ఇండ్లకు వస్తవా సమ్మక్కా? మాట్లాడుడే పని" అంది. సమ్మమ్మ ముందు నమ్మలేదు.

ఎనభై మూడు ఎండాకాలం వాడంతా పిల్లలకు విరేచనాలు. నీళ్లు తాగితే ఇంకా పోతాయని చాలా ఇళ్లలో పసివాళ్లకు చుక్క కూడా పోసేవారు కాదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించమని చెబుతూ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. వెంకట్రాజం ఇంటి గుమ్మంలో అతని భార్య భద్రమ్మ నిలబడి, "అందరం మంచిగనే ఉన్నం" అంది. లిదియా వెనక్కి తిరిగింది. సమ్మమ్మ కదల్లేదు, నూలు ఆరేసే దండెం వైపే చూస్తోంది.

"అత్తా, ఇయ్యాల నూలు ఆరెయ్యలేదేంది? దండెం నిండ పొల్లగాని బట్టలే ఉన్నయి. మనుమడేడి? పండిండా? ఈ యాల్లప్పుడు పండుడేంది? పొద్దున ఏం తాగిండు?"

భద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకొని బావురుమంది.

లోపల ఏడాది పిల్లవాడు వడిలిపోయి ఉన్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి. "నీళ్లు పోస్తె పోతడు" అని వెంకట్రాజం అడ్డం వచ్చాడు. "పొయ్యకనే గిట్లయిండు మామా. జర జరుగు" అంటూ సమ్మమ్మ పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకుంది. లిదియా నీళ్లు కలిపి, "చెంచా చెంచా పొయ్యాలె. ఉచ్చ పోసిండంటే గట్టెక్కినట్టే. పొద్దుగూకే లోపు పొయ్యకుంటె పెద్ద దవాఖానకు ఉరుకుదాం" అంది.

పిల్లవాడు మొహం తిప్పుకుంటున్నాడు. సమ్మమ్మ బర్రె ముచ్చట మొదలుపెట్టింది. వాడు ఆమె నోటి వైపు చూసినప్పుడల్లా ఓ చెంచా పోసింది. వాడు కక్కితే కాసేపాగి మళ్లీ పోసింది. మగ్గం చప్పుడు లేని ఆ ఇంట్లో సాయంత్రం దాకా ఆమె గొంతొక్కటే వినిపించింది. వెంకట్రాజం గోడకానుకొని అలాగే కూర్చున్నాడు.

ఉన్నట్టుండి సమ్మమ్మ మాట ఆగింది. ఒళ్లో చీర వెచ్చగా తడుస్తోంది. లిదియా వచ్చి చూసి గట్టిగా నవ్వింది. భద్రమ్మ దండాలు పెట్టింది. సమ్మమ్మ మాత్రం తడిసిన చీరనే చూస్తోంది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి.

వెంకట్రాజం ముక్కు తుడుచుకొని దగ్గరికి జరిగాడు.

"సగంల ఆపినవేంది సమ్మమ్మా? దూడ లేచి నిలబడ్డదా?"