గడ్డకట్టిన గుమ్మం

విశాఖపట్నంలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా నా ఆఖరి పోస్టింగు కోవిడ్ సద్దుమణిగిన ఏడాది వచ్చింది. ఆ మండు వేసవిలో, చేపల రేవు దగ్గరున్న ఒక రొయ్యల కోల్డ్ స్టోరేజీకి తనిఖీకి వెళ్లాను. బయట ఒళ్లు కాలిపోతున్నా అక్కడ లోపల నేల మీద మంచుగడ్డ పేరుకుంటుంది. కాలు జారే పదార్థమేదీ నేల మీద లేకుండా చూడాలని చట్టం చెబుతుంది. చూడవలసినది ఆక్యుపయరు, అంటే సంస్థ మీద అంతిమ అధికారం ఉన్న యజమాని.

యజమాని సన్యాసిరావుగారికి ఈ మాట మింగుడుపడలేదు. "గడ్డ తియ్యడం కాంట్రాక్టరోడి పనండీ మేడం. అగ్రిమెంటుంది," అన్నారు. అగ్రిమెంట్లు చూసీ చూసీ నాకు విసుగొచ్చింది. ముందు గది చూపించమన్నాను.

నేను వస్తున్నానని, గుమ్మం దగ్గరి గడ్డ కరగడానికి కూలీ అప్పలరాజు చేత అప్పటికే బక్కెట్టెడు వేన్నీళ్లు పోయించారు. ఇన్‌స్పెక్టరుకు ఆ వ్యాపారంలో అందరూ చేసే మర్యాదే అది. గుమ్మం తళతళలాడుతోంది. నేనూ సన్యాసిరావుగారూ చలికోట్లు తొడుక్కుని లోపలికెళ్లాం, వెనక తలుపు మూసుకుంది. చివరి అరల దాకా చూసి తిరిగొచ్చేసరికి ఆ నీళ్లు తలుపు కింది రబ్బరు పట్టీలోకి దిగి గడ్డకట్టేశాయి. లోపలి నుంచి తెరిచే గుబ్బను ఎంత నెట్టినా తలుపు కదలలేదు. పక్కనున్న అలారం మీట మీద కూడా గడ్డే.

"రాదేటండి ఇది?" అన్నారాయన. ఇలాంటి గదుల్లో జరిగిన ప్రమాదాల మీద నివేదికలు రాసినదాన్ని. ముందు వేళ్లు, తర్వాత మాట, ఆపైన బుర్ర మొద్దుబారతాయని తెలుసు. తెలియకపోతే బాగుండుననిపించింది. ఇద్దరం తలుపు బాదాం. బయట కంప్రెసర్ల హోరు. సన్యాసిరావుగారు మోకాళ్ల మీద కూలబడి గుమ్మం గడ్డను గోళ్లతో గీకసాగారు.

చాలాసేపటికి అవతల నుంచి అప్పలరాజు గొంతు సన్నగా వినిపించింది. "బాబూ, తలుపు అంటుకుపోనాదేటి? ఇంకో బక్కెట్టు వేన్నీళ్లు ఎయ్యమంటారా?"

"వద్దు! గునపం తే!" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

బయటపడ్డాక ఎండలో నిలబడి కూడా వణికాను. నోటీసు సన్యాసిరావుగారి పేరునే రాశాను. గుమ్మం మీది గడ్డ రోజూ గీకి తీయించాలి, నీళ్లు పోయకూడదు. ఆయన వేళ్లకు కట్టు కట్టించుకుని సంతకం పెట్టారు. కాంట్రాక్టరు ఊసెత్తలేదు.

ఆ తర్వాత ఏ కోల్డ్ స్టోరేజీకి వెళ్లినా, బయట ఒక మనిషిని గునపంతో నిలబెట్టి, యజమానిని నాతోపాటు లోపలికి రమ్మనేదాన్ని. గడ్డ తీయవలసినది ఎవరని తలుపు మూసుకున్నాకే అడిగేదాన్ని. అక్కడ కాంట్రాక్టరు పేరు చెప్పిన యజమాని ఒక్కరూ లేరు.