మేస్త్రి కోసిన మంచి అతుకు

మా వెల్డింగ్ మేస్త్రి పోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను కంప్రెసర్ల హోరులో ఉన్నాను, ఫోను వినపడలేదు. బయటికొచ్చి చూస్తే ఆయన భార్య నుంచి మూడు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాను. "మీ మేస్త్రి ఎల్లిపోనాడమ్మా. నిద్దట్లోనే," అంది ఆవిడ. తర్వాత నేను లోపలికెళ్ళి రీడింగులు రాసుకున్నాను. నెలరోజులుగా ఒక అయస్కాంతాన్ని చల్లబరచడం, ఏదో తేడా రావడం, మళ్ళీ వేడెక్కించి విప్పడం, ఇదే బతుకైపోయింది. ఆ రోజు ఏడవడానికి కూడా ఓపిక లేదు.

మా పని గురించి రెండు ముక్కలు చెప్పకపోతే ఆయన సంగతి మీకు అర్థం కాదు. అణువుకన్నా చిన్న కణాలను మహావేగంతో పరుగెత్తించే యంత్రాలు ఉంటాయి. ఆ కణాలను దారి తప్పకుండా వంచడానికి పెద్ద పెద్ద అయస్కాంతాలు కావాలి. వాటి తీగల్ని ద్రవ హీలియంలో ముంచి, ఊహకందనంత చల్లగా ఉంచితే కరెంటు ఏ అడ్డూ లేకుండా పారుతుంది. ఆ హీలియం తిరిగే గొట్టాల్లో వెంట్రుకంత కన్నం ఉన్నా అంతా వృథా. ఆ గొట్టాలు అతికేది మా మేస్త్రి.

నేను చేరిన వారానికే నాది కొత్తవలస అని ఆయనకు తెలిసిపోయింది. ఆయనదీ ఆ వైపే, నౌపడ. పదిమందిలో "మేడం" అనేవారు, ఎవరూ లేనప్పుడు మా వైపు ఆడపిల్లను పిలిచినట్టు "గుంటా" అనేవారు. అతుకు వేశాక తెల్లగుడ్డతో తుడిచి, వేలికొన దాని చుట్టూ ఒకసారి తిప్పేవారు. ఆ తర్వాత ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళి టీ తాగేవారు. ఎవరైనా తొందరపెడితే, "మిషన్ని కూడా కాసింత ఊపిరి తీసుకోనీరా బాబూ," అనేవారు.

కన్నం వెతకడానికి మాకో పద్ధతి ఉంది. గొట్టంలో గాలంతా లాగేసి, బయట నుంచి ఒక్కో అతుకు మీద హీలియం ఊదుతాం. కన్నం ఉంటే అది లోపలికి దూరుతుంది, మీటరు లేస్తుంది. హీలియం తేలిక, పైకి పోతుంది. అందుకే పై అతుకు దగ్గర మొదలుపెట్టి కిందికి రావాలి. కింద మొదలుపెడితే ఊదిన గాలి పైకెళ్ళి పై అతుకు కన్నంలో దూరుతుంది, మనం కింది అతుకును తప్పుపడతాం. ఇది ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం.

నేను తప్పింది కూడా ఆ పాఠమే. ఆ రోజు నిచ్చెన ఎవరో పట్టుకుపోయారు. తెచ్చుకోవడానికి బద్ధకించి కింది నుంచి ఊదాను. మీటరు లేచింది. కింది అతుకు పోయిందన్నాను.

"పైనుంచే పెట్టేవా?" అని అడిగారు మేస్త్రి.

"పెట్టాను," అన్నాను. ఎందుకు అబద్ధమాడానో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన నా మాట నమ్మి, తన చేత్తో వేసిన మంచి అతుకును తనే కోసి మళ్ళీ వేశారు. ఒకే చోట రెండోసారి వేడి తగిలి లోపలి అయస్కాంతం తీగ మీది రక్షణ పొర మాడిపోయింది. కన్నం మాత్రం పై అతుకులోనే ఉంది. ఆ అయస్కాంతం మీది ఆరు నెలల శ్రమ అలా పోయింది.

సాయంత్రం ఆయన దగ్గర నిజం చెప్పేశాను. ఆయన చాలాసేపు నా వైపు చూడలేదు. "నీకింకా ఉజ్జోగం పర్మినెంటు అవనేదు. నన్నేటి సేస్తారు, నాలుగేళ్ళలో ఎలాగూ దిగిపోతాను," అన్నారు. మర్నాడు మా విభాగం పెద్దాయన గదిలోకెళ్ళి, కింది నుంచి హీలియం ఊదింది తనేనని చెప్పారు. నేను బయట నిలబడి ఉన్నాను. లోపలికి వెళ్ళలేదు.

రిటైరై దిగిపోయేదాకా ఆయనకు మళ్ళీ అయస్కాంతాల పని ఇవ్వలేదు. ఆయన చేత ట్రాలీలు, గేట్లు అతికించారు. కొత్తవాళ్ళు వస్తే మాత్రం తనే పిలిచి, "నేనొకసారి కింద నుంచి మొదలెట్టి మంచి జాయింటు కోసీసేను, మీరలా సెయ్యకండి," అని చెప్పేవారు. వాళ్ళు నవ్వేవారు. నేను పక్కనే కాగితాలు చూసుకుంటూ ఉండేదాన్ని. సిగ్గుగా ఉండేది. అలవాటైపోయింది కూడా.

పెద్దకర్మకు నౌపడ వెళ్ళాను. ఆయన దగ్గర పని నేర్చుకున్న వెల్డరు ఒకాయన కూడా వచ్చాడు. అందరూ కూర్చున్నప్పుడు ప్రేమగానే ఆ కథ ఎత్తుకున్నాడు. "అంతటి మేస్త్రికీ ఒక తప్పు జరిగింది," అన్నాడు. ఇక నావల్ల కాలేదు.

"ఆ తప్పు ఆయనది కాదు, నాది," అన్నాను. జరిగినదంతా చెప్పాను. నా గొంతు నాకే అలిసిపోయినట్టు వినిపించింది.

ఆయన భార్య నన్ను తేరిపార చూసింది.

"నాకూ తనే సేసేనని సెప్పినాడు," అంది. "ఇన్నేళ్ళూ కూరలో ఉప్పు సాలదంటే సాలు, మంచి జాయింటు కోసినోడివి నువ్వా నాకు సెప్పీది అని ఎక్కిరించేదాన్ని. మాటాడకుండా తినీసేవోడు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. ఆవిడ మెల్లగా విడిపించుకుని లేచింది. వడ్డించేవాళ్ళ దగ్గర గరిటె అందుకుని, ఫోటో ముందు వేసిన విస్తట్లో అన్నం పెట్టింది, కూర వేసింది. కాసేపు చూసి ఇంకొంచెం వేసింది. అక్కడే నేల మీద కూర్చుంది.

"ఏటీ అనను," అంది ఫోటోతో. "తిను."