వంటిల్లు లేని ఇల్లు

మొన్న ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని బస్సులో తిరిగి వస్తుంటే, కాలవ మలుపు దగ్గర, కిందటేడు దాకా వరి ఊడ్చిన చేలో తాటిచెట్టంత ఎత్తున ఒక బోర్డు కనిపించింది. ఎకో విలేజ్ అట, ప్రకృతి ఒడిలో సేంద్రియ జీవనమట. ఎండ మొహం ఎరగని ఒక జంట టమాటాల బుట్ట పట్టుకుని నవ్వుతున్న బొమ్మ కింద, ప్రతి విల్లాకూ ప్రత్యేకంగా మాడ్యులర్ కిచెన్ అని బంగారు రంగు అక్షరాలతో రాశారు. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. నా వయసు వాళ్ళకు కోపమొస్తే బీపీ మాత్ర వేసుకోమంటారు గానీ, నేను వేసుకోలేదు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని ఇది రాయడానికి కూర్చున్నాను. ఒక పంచన బతకడం, ఒక చేను తిండి తినడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ కట్టుకున్న ఇంట్లో అసలు వంటిల్లే లేదు.

ఆవిడ మా అక్క.

మేమూ కొన్ని కుటుంబాల వాళ్ళం కాలవ గట్టు దిగువన ఇలాంటి ఊరే ఒకటి కట్టుకున్నాం. అప్పట్లో దానికి ఇంగ్లీషు పేరేదీ పెట్టలేదు. నేను రాజమండ్రిలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి, ఒకరి మాట ఇంకొకరికి కలిపీ కలిపీ విసిగిపోయి రిటైరైన రోజులవి. మావారి అన్నగారు, అంటే మా బావగారు, ఇరిగేషన్లో ఇంజినీరుగా చేసి దిగారు. ఆయనా, మా తోడికోడలూ, మేమిద్దరం, ఒక లెక్చరరు గారి కుటుంబం, ఊళ్ళో సొంత పొలాలున్న మరికొందరు రైతులు, అందరం కలిసి చేను ఉమ్మడిగా పెట్టుకుని, దాని ఒడ్డునే చిన్న చిన్న ఇళ్ళు వేసుకున్నాం. మందులు కొట్టకూడదు, యూరియా చల్లకూడదు. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి కలిపి డ్రమ్ముల్లో పులియబెట్టి చేలకు పోసేవాళ్ళం. ఆ వాసన పట్టుబట్టకు కూడా పట్టేసేది. ఊళ్ళో వాళ్ళు మమ్మల్ని ఆకుకూరల కాలనీ అని వెక్కిరించేవారు. అనుకోనీ, నాకైతే ఆ పేరు నచ్చింది కూడా.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు వంటశాల. పొద్దున కాఫీలూ టిఫిన్లూ ఎవరిళ్ళలో వాళ్ళవి, మధ్యాహ్నం భోజనం మాత్రం అందరిదీ ఒకే చోట, ఒకే పంక్తిలో. కూర కూడా చేలో పండినదే గానీ సంత నుంచి తెచ్చింది కాకూడదు. ఆడవాళ్ళం వంతులు వేసుకుని వండేవాళ్ళం. వంతులన్నాక మగవాళ్ళ పేర్లెందుకు లేవని అప్పుడు ఎవరం అడగలేదు, నేనూ అడగలేదు.

మా అక్క పెనుగొండ దగ్గర ఒక పెద్ద మోతుబరి కుటుంబానికి పెద్ద కోడలు. పెళ్ళైన మర్నాడు ఆ వంటింట్లో అడుగుపెట్టింది, తన భర్త పోయాక గానీ బయటికి రాలేదు. కోతలకొచ్చిన కూలీలకీ, పుష్కరాలకొచ్చిన చుట్టాలకీ, పెనుగొండ అమ్మవారి దర్శనానికని వచ్చి నాలుగు రోజులు తిష్ఠ వేసిన వాళ్ళకీ వండి వార్చింది. నేను చిన్నప్పుడు సెలవులకు వెళితే అక్కను చూసిన గుర్తు తక్కువ, పొగలోంచి వినపడే గాజుల చప్పుడే గుర్తు. మగవాళ్ళు భోంచేస్తుంటే తలుపు చాటున నిలబడి చెవులు రిక్కించి వినేది. పులుసులో ఉప్పు చాల్లేదనో, కారం ఎక్కువైందనో ఒక మాట అంటారు కదా, దాన్ని బట్టి ఆ పూట గండం గడిచిందో లేదో తెలిసేది ఆవిడకి. బాగుందన్న మాట ఎప్పుడైనా విన్నావా అని ఒకసారి అడిగితే, బాగుంటే మాట్లాడరే పిచ్చిదానా అని నవ్వేసింది.

అలాంటి మనిషి మాతోపాటు వచ్చి ఉంటానంది. ఒక గదీ, ఒక వరండా, స్నానాల గదీ చాలంది. మేస్త్రి ముగ్గు పోస్తూ పోస్తూ ఆగిపోయి, "ఆగ్నేయం ఖాళీగా వదలకూడదండీ, అమ్మగారూ, చిన్నదైనా పొయ్యి గట్టు కట్టాలండి" అన్నాడు. ఆగ్నేయంలో పెద్ద కిటికీ పెట్టమనీ, అందులోంచి చేను కనపడాలనీ అక్క చెప్పింది. కాకినాడ నుంచి కొడుకు వచ్చి, వంటిల్లు లేని ఇల్లు అరిష్టమమ్మా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. నేనూ వాడి వైపే మాట్లాడాను. కాఫీ అయినా కాచుకోవద్దా అన్నాను. కాఫీకి మీ ఇంటికొస్తానులే అంది, అంతే.

పనికి మాత్రం ఏనాడూ వెనుకాడలేదు. తెల్లారేసరికి చేలో ఉండేది. ఊడ్పులప్పుడు మోకాలి లోతు బురదలో వంగి నారు నాటేది, కలుపు తీసేది, మేం ముక్కులు మూసుకుని దూరంగా నిలబడే డ్రమ్ముల్లో కర్ర పెట్టి కలిపేది. ఇన్నాళ్ళూ కుండలోకి వచ్చాకే బియ్యం మొహం చూశానే, అవి ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడు చూస్తున్నాను అనేది. ఎండకు నల్లబడి, సన్నబడి, వయసు వెనక్కి పోయినట్టు తయారైంది. వంటశాల గుమ్మం మాత్రం దాటి లోపలికి అడుగు పెట్టేది కాదు. భోజనం వేళకు ఠంచనుగా వచ్చి ఆకు ముందు కూర్చునేది, కడుపునిండా తినేది. మా తోడికోడలు మొదట్లో మూతి ముడిచింది గానీ, తన వంతు పొలం పని కూడా అక్కే చేసిపెడుతుండడంతో ఊరుకుంది.

ఇదంతా చక్కగా సాగేదేమో, ఆనపకాయలు మా కొంప ముంచకపోతే.

ఆ ఏడు వానల ముందు, వంటశాలకి కూరగాయలు పండించడానికని ప్రతి ఇంటికీ కొంచెం గట్టు పంచుకున్నాం. ఎవరికి నచ్చిన గింజ వాళ్ళు వేసుకోవచ్చనుకున్నాం. అందరం చదువుకున్నవాళ్ళమే, కష్టపడకుండా కాసేదేమిటా అని అందరం ఒకేలా ఆలోచించాం. అన్ని గట్ల మీదా ఆనపపాదులే మొలిచాయి. అప్పుడైనా కొన్ని పీకేసి బెండో వంగో వేసుకోవచ్చు కదా? కానీ ఇది గోదావరి జిల్లా, మా మొహమాటం మాది. మీది ఉంచండి, మాది పీకేస్తాం అని వాళ్ళు, అబ్బే, మీ పాదు ఎంత ఏపుగా వచ్చిందండీ, మాదే తీసేస్తాం అని వీళ్ళు. ఇలా ఒకరినొకరు మర్యాద చేసుకుంటుండగానే తీగలు గట్లు దాటి, పందిళ్ళెక్కి, పంపుషెడ్డు కప్పు కూడా ఎక్కేశాయి. ఎవరూ ఒక్క తీగ పీకలేదు.

ఇక చూడండి నా సామిరంగా! ఆనపకాయ పులుసు, ఆనపకాయ పప్పు, పాలు పోసి కూర, ముక్కలతో పచ్చడి, తొక్కుతో పచ్చడి, చివరికి అట్లలో కూడా ఆనపకాయే. నెల తిరిగేసరికి పంక్తిలో ఒక్కొక్క ఆకూ తగ్గడం మొదలైంది. లెక్చరరు గారికి కడుపులో బాగోలేదని కబురొచ్చేది, కాసేపటికి ఆ ఇంటి వైపు నుంచి కాకరకాయ వేపుడు వాసన వచ్చేది. మావారు రాజమండ్రిలో పనుందని స్కూటరేసుకుని వెళ్ళి, సంచీలో కాగితాల కింద దొండకాయలు దాచి తెచ్చారు. ఎవరిళ్ళలో వాళ్ళు గుట్టుగా వండుకుంటుంటే, పంక్తిలో అక్కా, నేనూ, ఒకరిద్దరు రైతులూ మిగిలాం.

చివరికి వంటశాల వరండాలోనే సమావేశం పెట్టారు. ప్రస్తుతానికి వంట ఆపేద్దామని బావగారు అన్నారు. ఈ ప్రస్తుతానికి అనే మాట ఎంత దూరం పోతుందో గవర్నమెంటు ఉద్యోగం చేసిన నాకు తెలుసు. మరి అక్క సంగతేమిటని ఎవరో అన్నారు. దానికేముంది, వదినగారు మాకు బరువా, సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఒకరింట్లో భోంచేస్తారు అని బావగారు ఎంతో ప్రేమగా చెప్పారు. అందరూ సంతోషంగా తలలూపారు. ఆయన మనసు మంచిదే, అందులో సందేహం లేదు. అక్క లేచి నిలబడింది.

"నేనేమన్నా చదువుకోవడానికొచ్చిన కుర్రాణ్ణా అండీ, ఇల్లిల్లూ వారాలు చేసుకోడానికి?" అంది. అని మళ్ళీ కూర్చోలేదు, చేలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నేను ఇంట్లో పొయ్యి మీద అన్నం పడేసి అక్కను పిలవడానికి వెళితే, గదిలో లేదు. మూసేసిన వంటశాల వరండాలో, ఎప్పుడూ కూర్చునే చోటే, ఆకు వేసుకుని, నీళ్ళు చిలకరించి, మఠం వేసుకుని కూర్చుని ఉంది. ఆకులో ఏమీ లేదు. నాకు ముందు భయమేసింది, తర్వాత చెప్పలేనంత కోపమొచ్చింది. రమ్మంటే రాదు. తెచ్చి పెడతానంటే వద్దంది. తినేది ఇక్కడ, అందరికీ వండింది అంది. అంత పంతమైతే లోపల బియ్యమున్నాయి, పొయ్యి ఉంది, నువ్వే ఇంత వండుకోకూడదా, వండితే అందరూ పరిగెత్తుకుని వస్తారు కదా, నీ చేతి వంట తెలియనిదెవరికి అని అరిచాను.

"వస్తార్లేవే. నే వండితే అందరూ వస్తారు. మళ్ళీ అది నా వంటిల్లైపోద్ది. ఇన్నేళ్ళూ జరిగిందదే కదా" అంది అక్క.

విసవిసా ఇంటికొచ్చాను. ఉడుకుతున్న అన్నం కేసి చూస్తూ కాసేపు నిలబడ్డాను. మా అక్క జీవితమంతా ఆ గిన్నెలోనే పోయిందని, అదంతా చూస్తూ కూడా నేను సెలవులకు వెళ్ళిన ప్రతిసారీ అక్కా ఆకలేస్తోంది అనే అన్నానని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పొయ్యి కట్టేశాను. వంటింటికి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుని, పెరట్లో ఒక అరిటాకు కోసుకుని వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. అక్క నా వైపు తిరిగి చూసి, నీళ్ళ చెంబు ఇటు జరిపింది.

కాసేపటికి సంగతేమిటో చూద్దామని మా తోడికోడలు వచ్చింది. ఆవిడ దగ్గర ఉల్లిపాయల వేపుడు వాసన వస్తూనే ఉంది. నిలబడి నిలబడి, ఏమనుకుందో ఏమో, తనూ ఒక ఆకు తెచ్చుకుని కూర్చుంది. లెక్చరరు గారి భార్య మాత్రం కిటికీలోంచి చూసి రెక్క మూసేసుకుంది. ఊళ్ళోంచి గేదెలు తోలుకుపోతున్న వాళ్ళు ఆగి, ఖాళీ ఆకుల ముందు కూర్చున్న ఆడవాళ్ళను వింతగా చూశారు. చూస్తే చూశారు! నాకు ఆ క్షణాన సిగ్గు లేదు సరికదా, గర్వంగా కూడా అనిపించింది.

ఆకలి మగవాళ్ళను వరండా దాకా తెచ్చింది. మావారు నన్నూ, నా బొడ్లోని తాళంచెవినీ చూశారు. బావగారు బతిమాలారు, నచ్చజెప్పారు, కొంచెం విసుక్కున్నారు. మేం ముగ్గురం ఆకుల ముందు నుంచి లేవలేదు. ఆఖరికి అన్నదమ్ములిద్దరూ వంటశాల తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. డెల్టా కాలవలకు నీళ్ళు వదిలిన మనిషికి బియ్యానికి ఎసరెంత పెట్టాలో తెలియలేదు. కూరకి ఉన్నది ఆనపకాయే కనుక దాన్నే తొక్కు కూడా తీయకుండా తరిగి పులుసు పెట్టారు. ఎండ తిరిగిపోయాక వడ్డన మొదలైంది. అన్నం సగం పలుకు, సగం ముద్ద. మావారు వంగి వంగి వడ్డించి, పులుసు పోసి, గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు.

అక్క ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకుంది. నిదానంగా నమిలింది.

"ఉప్పు చాల్లేదు మరిదిగారూ" అంది.

తలుపు చాటున నిలబడి ఆ మాట వినడమే తప్ప, ఆకు ముందు కూర్చుని తల ఎత్తి అనడం మా అక్కకు జీవితంలో అదే మొదటిసారి. మావారు గబగబా లోపలికెళ్ళి ఉప్పు తెచ్చారు. అక్క ఆ పలుకు అన్నం మారు వడ్డించుకుని మరీ తింది.

ఆ తర్వాత వంతుల్లో మగవాళ్ళ పేర్లూ చేరాయి. గింజ నాటే ముందు ఎవరేం వేస్తున్నారో వరండాలో కూర్చుని మొహమాటం లేకుండా చెప్పుకోవడం మొదలుపెట్టాం. అందరూ మిగల్లేదు. లెక్చరరు గారు రాజమండ్రి వెళ్ళిపోయారు, మాలాంటి మొండి మనుషులతో వేగలేమన్నారని తెలిసింది. అక్క మాత్రం బతికినన్నాళ్ళూ చేలోనే ఉంది, పంక్తిలోనే తింది. ఒక్క పూటైనా గరిటె పట్టకుండానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు మా చుట్టూ సగం చేలు రొయ్యల చెరువులైపోయాయి. కొత్తగా వచ్చిన పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేసుకుంటారు, ఫోన్లో నొక్కితే కాలవ గట్టు మీద మోటారు సైకిలు మీద బిర్యానీ వస్తుంది. వాళ్ళు మంచి పిల్లలే, నన్ను అమ్మమ్మగారూ అనే పిలుస్తారు. అక్క ఇంట్లో ఉంటున్న జంట మొన్నామధ్య ఆ ఆగ్నేయం కిటికీ మూసేసి చిన్న వంటగట్టు కట్టుకుంటామన్నారు. నేను బతికుండగా ఆ కిటికీ మీద చెయ్యి పడదని చెప్పాను. మావారూ, బావగారూ, మా తోడికోడలూ పోయాక పంక్తి కూడా బాగా పలచబడింది. వంటశాల ప్రస్తుతానికి ఆపేద్దామన్న మాట మళ్ళీ వినపడుతోంది. ఈసారి కూడా చాలా ప్రేమగానే అంటున్నారు. మీకేం లోటు చేయం, అమ్మమ్మగారూ, రోజుకొకరం క్యారేజీ పంపిస్తాం అంటున్నారు.

పంపనీ. నేను తీసుకోను. ఆ తలుపు మూసిన రోజున ఆ వరండాలోనే ఆకు వేసుకుని కూర్చుంటాను. అక్క కూర్చున్నప్పుడు, తిట్టుకుంటూనైనా, పక్కన వచ్చి కూర్చోవడానికి నేనున్నాను. నా పక్కన ఆకు వేసుకునేదెవరో, అదొక్కటే నా దిగులు.