అప్పగింతల రీలు

అమర్నాథ్‌కి లోకం మీద రోత పుట్టి చానా కాలమైంది. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తగానే ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ కనపడుద్ది. ఎవడో పాతికేళ్ళ కుర్రాడి పుట్టినరోజు. చుట్టూ ముప్పై తలకాయలు, అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా. "థూ! మొహాన ఒక మచ్చ లేదు, ఒక ముడత లేదు. వీళ్ళు మనుషులా, సబ్బుబిళ్ళలా?" అని రోజూ అదే తిట్టు తిట్టి, ఆ తరవాతే టీ తాగుతాడు.

నరసరావుపేటలో కూరగాయల మార్కెట్ వెనక సందులో ఆయన ఫోటో స్టూడియో. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీశాడు. ఇప్పుడు పిలిచేవాడూ లేడు, పిలిచినా ఆయన పోడు. పోయినేడు ఎవరో బతిమాలితే ప్రీ వెడ్డింగ్ షూట్ చూద్దామని కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కాడు. రంగు పొగలో పెళ్ళికూతురు పరిగెత్తడం, పెళ్ళికొడుకు ఆమెని ఎత్తి గిరగిరా తిప్పలేక కూలబడటం, నెత్తిన డ్రోను జోరీగలాగా రొద పెట్టడం చూశాడు. అట్నుంచటే దిగొచ్చేశాడు.

ఇక మిగిలిన పని పాత కెమెరాల ఫిల్ము రీళ్ళు మందులో కడిగి బొమ్మ తేవడం. ఈ చుట్టుపక్కల ఇంకా చేత్తో రీలు కడిగేవాడు ఆయనొక్కడే. తాతల బీరువాల్లో దొరికినవి, డేటు దాటిపోయినవి, కాలేజీ పిల్లలు తెస్తుంటారు. మొన్న ఒక పిల్ల "అంకుల్, కొంచెం గీతలు పడేట్టు కడగండి, పాతకాలం లుక్ వస్తది" అంది. ఆయనకి ఒళ్ళు మండింది.

"గీతలు పడకుండా కడగటం నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టిందమ్మా. పడాలంటే ఇంటికెళ్ళి అంట్లు తోమే పీచుతో తోముకో!"

ఎవరొచ్చినా చివరికి ఒకటే మాట అనేవాడు. "నా కెమెరా ముందు నిలబడ్డ మనిషిని నేను మోసం చెయ్యలా. ఉన్న మొహం ఉన్నట్టు చేతిలో పెట్టా." ఆ మాట అన్నప్పుడల్లా మీసం మీదికి చెయ్యి పోయేది.

ఈ ఏడు మిరపకాయల కోతలు అయిపోవచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, క్రోసూరు నుంచి జైనాబ్ బీ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. మిరపకాయలకి తొడిమెలు తీసీ తీసీ వేళ్ళ చివర్లు పగిలి ఉన్నాయి. కొంగుముడి విప్పి, పసుపు గుడ్డలో చుట్టిన రీలు బల్ల మీద పెట్టింది.

"నరసింహారావు గారింటి పెళ్ళి రీలన్నా. తొంభై ఏడులో. నువ్వే తీశావు, గుర్తుందా?"

గుర్తులేకేం? క్రోసూరులో అంత పెళ్ళి మళ్ళీ జరగలేదు. ఐదు రీళ్ళు తీశాడు. నాలుగే కడిగాడు. ఐదోది అప్పగింతల రీలు. కారెక్కబోతూ పెళ్ళికొడుకు తాతగారు అక్కడికక్కడే కూలిపోయి ప్రాణం విడిచారు. ఆ రీలు అశుభం, కడిగించొద్దన్నారు ఇంటి పెద్దలు. పెళ్ళి వస్తువు గనక పారెయ్యడమూ తప్పే అన్నారు. పసుపు గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టారు.

"నరసింహారావు గారు పోయారు గదా. ఇల్లు ఖాళీ చేస్తా వాళ్ళావిడ సుబ్బరత్నమ్మ గారు పిలిచి చేతిలో పెట్టారు, ఇన్నేళ్ళు అడిగావు, తీసుకుపోవే అని" అంది జైనాబ్ బీ. "ఇందులో మా షాహీనా ఉందన్నా."

షాహీనా ఆమె కూతురు. అప్పటికి ఆరేళ్ళు. జైనాబ్ బీ మొగుడు నూర్ మొహమ్మద్ ఆ పెళ్ళి బ్యాండులో పెద్ద డ్రమ్ము కొట్టాడు. బ్యాండు వాళ్ళ డ్రస్సుల్లో మిగిలిన ఎర్రగుడ్డతో తల్లి గౌను కుట్టింది, చేతులకి జరీ అంచు కూడా వేసింది. ఆ ఏడు వానల్లో జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పిల్ల పోయింది. ఫోటో అనేది ఒక్కటీ లేదు.

"కారు కాడ మేళం ముందు నిలబడి ఫోటో ఫోటో అని నీ వెంట పడిందన్నా. నువ్వు ఫ్లాషు కొట్టి, బాగా పడింది పో అన్నావు. నా కళ్ళారా చూశా. మా ఆయనకి ఒక కన్ను పోయింది, రెండోది మసకేసింది. ఆ కన్ను ఉండగా ఒక్కసారి చూపిస్తే చాలు. గౌను ఎరుపు వస్తదా?"

ఆ ఫ్లాషు ఎలాంటిదో అమర్నాథ్‌కి తెలుసు.

అదేం బ్రహ్మవిద్య కాదు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు తీసే ప్రతివాడూ చేసిందే. రీలు ఖరీదెక్కువ. పిల్లలూ, పనివాళ్ళూ, బ్యాండు వాళ్ళూ ఫోటో తియ్యమని ప్రాణం తోడేస్తుంటారు. ఫ్లాషు డబ్బా వెనక ఎర్ర బటన్ ఒకటుంటది. కెమెరా కంటికి ఆనించుకుని అది నొక్కితే వెలుగొస్తది, లోపల రీలు కదలదు. వాళ్ళు సంతోషంగా పోతారు. దాన్నే ఉత్త ఫ్లాషు అనేవాళ్ళు. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇవాళ ఎన్ని ఉత్తవి కొట్టాం అని నవ్వుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వింది అమర్నాథే.

"రంగు మందు ఇప్పుడు లేదు. నలుపు తెలుపులో కడుగుతా. కూచో" అని మాత్రం అనగలిగాడు.

వెనక గదిలోకి పోయి తలుపేసుకున్నాడు. కిటికీకి మిరపకాయల గోతాలు రెండు పొరలు కుట్టి ఉన్నాయి, వెలుగు చుక్క దూరదు. చీకట్లో రీలు డబ్బా మూత పెకలించి, ఫిల్మును చక్రానికి ఎక్కించాడు. పొరపాటునైనా ఆ ఒక్కసారి అసలు బటన్ నొక్కి ఉంటే బాగుండు దేవుడా, అనుకున్నాడు. వెయ్యి ఉత్త ఫ్లాషుల్లో ఒక్కటి నిజమై ఉండకూడదా? మందులో ఊపాడు, బొమ్మ నిలవడానికి హైపోలో ఉంచాడు, నీళ్ళలో కడిగి దీపం కింద పట్టుకున్నాడు.

రీలు చెక్కుచెదరలేదు. కాస్త మసకేసింది గానీ ముప్పై ఆరూ ఉన్నాయి. ఏడుస్తున్న పెళ్ళికూతురు. కండువాతో కళ్ళొత్తుకుంటున్న ఆమె తండ్రి నరసింహారావు. కుర్చీలో తాతగారు, మూడు వరసగా. పూలదండల కారు ఐదు. ఉత్త కారు, మనిషన్నవాడు లేని కారు ఐదుసార్లు తీశాడు! ఒకదాంట్లో కారు వెనక నూర్ మొహమ్మద్, డ్రమ్ము కర్ర ఎత్తి, పక్కకి కిందికి చూస్తా నవ్వుతున్నాడు. ఎవర్ని చూసి నవ్వుతున్నాడో ఆ పిల్ల మాత్రం ఫోటోలో లేదు.

బయటికొచ్చాడు. ఆయన మొహం చూడగానే జైనాబ్ బీకి సగం అర్థమైంది.

"పాడైపోయిందా అన్నా?" అంది. "పోనీలే, నీ తప్పేముంది? వాళ్ళు అన్నేళ్ళు బీరువాలో కుక్కి పెడితే ఏ రీలు మాత్రం బతుకుద్ది?"

ఎంత చక్కగా దారి చూపించింది! ఊఁ అంటే చాలు. ఆమె వాళ్ళని నాలుగు తిట్టుకుని బస్సెక్కుద్ది, ఈయన షట్టరు దించుకుని భోజనానికి పోవచ్చు. ఊఁ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడే ఎదురుగా స్తంభం మీది ఫ్లెక్సీ కళ్ళబడింది. రోజూ దాన్ని తిట్టే తిట్టు ఈసారి తన మీదికే తిరిగింది. వాళ్ళు మచ్చలే గదా చెరిపేది. నువ్వు మనిషినే చెరిపేశావు గదరా, పైగా బాగా పడింది పో అన్నావు, ఛీ!

"రీలు బాగానే ఉందమ్మా. నీ బిడ్డ అందులో లేదు. నేను తియ్యలా."

"తీశావు గదన్నా! వెలుగొచ్చింది."

చెప్పాడు. ఎర్ర బటన్ సంగతి, టీ కొట్టు నవ్వుల సంగతి, ఏదీ దాచలేదు. తల మాత్రం ఎత్తలేదు.

"ఇరవై ఎనిమిదేళ్ళు" అంది జైనాబ్ బీ. "దాచేపల్లి ఫ్యాక్టరీలో పనికి రమ్మన్నారు, మా తమ్ముడు గుంటూరు రమ్మన్నాడు. యాడికీ పోలా. ఏమిచ్చినా పుచ్చుకుని ఆ ఇంట్లోనే తొడిమెలు తీశా. బీరువాలో నా బిడ్డ ఉందనుకున్నా."

అమర్నాథ్ చేతులు జోడించబోయాడు. ఆమె ఆ చేతులకేసి చూడలేదు.

"ఆ ఫ్లాషు డబ్బా ఉందా? చూపించు."

అద్దాల బీరువాలోంచి పాత ఫ్లాషు తీశాడు. "వెలుగు కొట్టాలిగా" అందామె. గోడ గడియారంలోవి, రిమోట్‌లోవి ఊడదీసి నాలుగు సెల్లులు వేశాడు. డబ్బా కుయ్యిమంది, ఎర్ర బటన్‌లో దీపం వెలిగింది. ఆమె రెండు చేతులా దాన్నెత్తి ఆయన మొహానికెదురుగా పట్టుకుని, పగిలిన వేలితో బటన్ నొక్కింది. వెలుగు భగ్గున కొట్టింది. ఆయన కళ్ళు మూసుకుపోయాయి.

"బాగా పడింది పో" అని, డబ్బా బల్ల మీద పెట్టి జైనాబ్ బీ మెట్లు దిగిపోయింది.