బాలమణికి దొరికిన డైలాగు

బాలమణికి సినిమాల్లో ఏడవడమే పని. ఫిల్మ్‌నగర్ సినిమాల్లో ఏ ముసలి జమీందారు పోయినా, వెనక వరసలో గుండెలు బాదుకునే ఆడవాళ్లలో ఆమె ఉండాల్సిందే. మాటలు హీరోలవి, ఏడుపులు జూనియర్ ఆర్టిస్టులవి. పాపం, ఇన్నేళ్లలో నోరు తెరిచి ఒక్క ముక్క చెప్పే అవకాశం ఆమెకు రాలేదు.

అలాంటిది ఒకనాడు డైలాగు వచ్చింది! హైటెక్ సిటీలో కొత్తగా బలిసిన ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ, ఫేస్‌బుక్‌లో ఆడపిల్లల్ని వేధించకూడదంటూ చిన్న సినిమా తీయిస్తోంది. చివర్లో ఓ యువ హీరో వచ్చి నీతి చెబుతాడు. బాలమణిది తల్లి వేషం. బూతు కామెంట్లు చూసి కూతురు ఏడుస్తుంటే, ఫోన్ లాక్కుని ఆ పిల్లనే తిట్టాలి.

దానికి రిహార్సల్ అక్కర్లేకపోయింది. మోతీనగర్‌లో తన ఇంట్లో ఆ పొద్దున్నే ఆ పని చేసి వచ్చింది మరి! ఇంటర్ చదివే కూతురు స్ఫూర్తి కొన్నాళ్లుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఫేస్‌బుక్‌లో ఎవరో ఏదో రాశారని ఒకటే ఏడుపు.

"నువ్వు ఫొటోలు పెట్టకుంటే వాళ్లెందుకంటరు? తప్పంతా నీదే!" అని ఫోన్ గుంజుకుని బీరువాలో పెట్టి తాళమేసింది. అసలేం రాశారో చూడనైనా చూడలేదు, మహాతల్లి.

షూటింగ్ జూబ్లీహిల్స్‌లో ఓ బంగళాలో. డైరెక్టర్ అద్వైత్‌కు సహజత్వం పిచ్చి. కామెంట్లు కల్పించి రాస్తే పండవని, అసిస్టెంట్ చేత నెట్‌లోంచి నిజమైనవే ఏరించి, ఆ తిట్లు తిన్న అమ్మాయెవరో, ఆమె ఫొటోతో సహా కెమెరాకు కనిపించేలా కంప్యూటర్ మీద పెద్దగా పెట్టించాడు. ఆ పిల్లను ఒక మాట అడగాలని ఎవరికీ తోచలేదు. వేధింపులు ఆపే పనిలో అంత తీరిక లేకుండా ఉన్నారు!

"యాక్షన్!"

బాలమణి కంప్యూటర్ వైపు చూసింది. అందులో ఉన్నది స్ఫూర్తి. చివర్లో నీతి చెప్పబోయే ఈ హీరోగారి కొత్త సినిమా బోరు కొట్టిందని రాసింది. కింద ఆయన అభిమానులు తల్లిని కూడా వదలకుండా తిట్టారు. చచ్చిపొమ్మన్నారు. బాలమణికి కన్నీళ్లు ధారలు కట్టాయి.

"గ్లిజరిన్ లేకుండానే! అద్భుతం! ఇప్పుడు తిట్టండమ్మా, తిట్టండి!" అని అద్వైత్ గంతేశాడు.

బాలమణి, కూతురి వేషం వేసిన అమ్మాయి తల నిమిరింది. "నీ తప్పేం లేదు బిడ్డా."

"కట్! అది హీరోగారి డైలాగమ్మా! మీరే చెప్పేస్తే ఆయనేం చెప్తారు?"

"గా నీతేందో ఆయన మనుషులకే చెప్పుకోమను సారూ. గా ఫొటోల ఉన్నది నా బిడ్డ. ముందుగాల అది తీసెయ్!"

అద్వైత్ మొహం మాడిపోయింది. ఆ ఫొటో తీసేసి, తీసిన షాట్ కూడా చెరిపేసేదాకా బాలమణి అక్కణ్నుంచి కదల్లేదు.

ఇంటికి రాగానే బీరువా తెరిచి ఫోన్ కూతురి చేతిలో పెట్టింది. "వాళ్లు రాసినయి ఒక్కటి గూడ తీసెయ్యకు బిడ్డా. పోలీసోళ్లకు అన్నీ చూపిద్దాం, పా."

"వాళ్లు గూడ నాదే తప్పంటే? నువ్వన్నట్టే?"

బాలమణి చెప్పులేసుకుంటూ అంది: "నీ తప్పేం లేదని నేను చెప్త. గాడ కట్ అనెటోడు ఎవడూ ఉండడు."